పొట్టి బేసుకు పుట్టెడు గుణాలు

— తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. (ఎం.పి.సి.) విద్యార్థిని

"నీకు నచ్చిన విషయం మీద ఏదైనా సైన్సు వ్యాసం రాయమ్మా" అని సావనీరు సంపాదకవర్గం వారు అడిగారు. కృష్ణబిలాల మీదో, సౌరశక్తి మీదో రాస్తాననుకొని ఉంటారు. నేను రాయబోయేది నాలుగంగుళాల తేడా గురించి. బేసు గిటారు తీగ పొడవు సాధారణంగా 34 అంగుళాలు. కొన్నింటికి 30 అంగుళాలే ఉంటుంది. ఆ నాలుగంగుళాలు తగ్గితే చేతికీ చెవికీ ఏమవుతుంది, ఆ పొట్టి బేసంటే కొందరు వాద్యకారులు ఎందుకు ప్రాణం పెడతారు అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

ముందుగా, ఈ సంగతి నా దాకా ఎలా వచ్చిందో మనవి చేసుకుంటాను. నిరుడు మన కళాశాల వార్షికోత్సవానికి వాద్యబృందాన్ని కూర్చేటప్పుడు బేసు వాయించేవారు దొరకలేదు. మ్యూజిక్ రూములో ఒక పాత బేసు గోడకి ఆనించి ఉంది. నాకు చిన్నప్పుడు హార్మోనియం మీద అబ్బిన కాస్త శృతిజ్ఞానం ఉందని తెలిసి స్నేహితురాళ్లు నన్ను ముందుకి తోశారు. వారం రోజులు సాధన చేశాను. మొదటి మెట్టు మీద చూపుడువేలు పెడితే నాలుగో మెట్టు చిటికెనవేలికి అందదు. అందించబోతే చూపుడువేలు జారిపోతుంది. ఎనిమిదో రోజుకి ఎడమ మణికట్టు వాచింది. ఒక సీనియర్ గారు అది చూసి, "చేతికందని వాయిద్యం నీకెందుకమ్మా, వెళ్లి కోరస్‌లో నిలబడు" అన్నారు. వెళ్లి కోరస్‌లో నిలబడ్డాను. తప్పు నా చేతిదే అనుకున్నాను.

బేసు చేసే పని

సినిమా పాట వింటున్నప్పుడు పాడేవారి గొంతు వింటాం, వయొలిన్లు వింటాం, తబలా వింటాం. వీటన్నిటికీ అడుగున ఒక బరువైన నాదం నడుస్తుంటుంది. అది ఉన్నంతసేపూ మనం పట్టించుకోం. ఒక్క క్షణం ఆగితే మాత్రం పాట ఖాళీ అయినట్టుంటుంది. అదే బేసు. మామూలుగా దీనికి నాలుగు తీగలు. అన్నిటికన్నా లావు తీగ సెకనుకి సుమారు 41 సార్లు కంపిస్తుంది. తక్కిన మూడూ 55, 73, 98 సార్లు. గిటారులోని కింది నాలుగు స్వరాలకీ ఇవి సరిగ్గా ఒక స్థాయి దిగువన ఉంటాయి. మన భాషలో అనుమంద్రం అనవచ్చు.

తీగ ఒక కొసన నట్ అనే చిన్న గట్టు మీదుగా, రెండో కొసన బ్రిడ్జి మీదుగా పోతుంది. ఈ రెంటికీ మధ్య కంపించే పొడవునే స్కేలు అంటారు. సరిగమల స్కేలుతో దీనికి సంబంధం లేదు. మామూలు ఎలక్ట్రిక్ గిటారులో ఇది 25 అంగుళాల చిల్లర. నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బేసులో 40 అంగుళాల పైమాటే. బేసు గిటారు ఈ రెంటి నడుమ ఎక్కడో ఉండాలి. ఎక్కడ ఉండాలన్నది మాత్రం ఏ ప్రకృతి నియమమూ చెప్పలేదు. మనుషులే తేల్చుకున్నారు.

ముందు పుట్టింది పొట్టిదే

పూర్వం పాశ్చాత్య బృందాలలో మంద్రనాదం బాధ్యత డబుల్ బేసుది. మనిషంత ఎత్తున్న ఆ వాయిద్యాన్ని ఊరూరా మోసుకుపోవడమే పెద్ద యాతన. ఆ బాధ తప్పించాలని అమెరికాలోని సియాటిల్ నగరంలో పాల్ టట్‌మార్క్ అనే ఆయన 1930ల నడుమ ఒక ఎలక్ట్రిక్ బేసు తయారుచేశాడు. గిటారులా అడ్డంగా పట్టుకొని వాయించేది, మెట్లున్నది. దానికి ఆడియోవాక్స్ అని పేరు పెట్టాడు. దాని స్కేలు 30 అంగుళాలకి కాస్త ఎక్కువ. అంటే ఈ జాతిలో తొలిచూలు బిడ్డ పొట్టిదే! అయితే అది ఎక్కువమందికి చేరలేదు.

లోకమంతా పాకింది 1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేసు. ఈయన కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసేవాడు. తల్లిదండ్రులు నారింజతోటల రైతులు. (రైతుబిడ్డనని నాకు ఈ ముక్క దగ్గర కాస్త గర్వం కలిగిందని దాచుకోను.) ఇంకో విచిత్రం ఏమిటంటే ఆయనకి గిటారు వాయించడం రాదు. రకరకాల పొడవులు పరీక్షించి 34 అంగుళాల దగ్గర ఆగాడు. ఆ వాయిద్యం ఎంతగా అమ్ముడుపోయిందంటే, తర్వాత వచ్చినవాళ్లంతా ఆ 34నే కొలబద్దగా పట్టుకున్నారు. అప్పట్నుంచి దానికన్నా చిన్నదాన్ని 'పొట్టి' అనడం మొదలైంది.

కానీ పొట్టి జాతి అంతరించలేదు. గిబ్సన్ కంపెనీ 1953లో వయొలిన్ ఆకారంలో 30½ అంగుళాల బేసు తెచ్చింది. జర్మనీలోని హాఫ్నర్ కంపెనీ 1956లో, లోపల బోలుగా ఉండే తేలికైన వయొలిన్ బేసు తెచ్చింది. స్కేలు 30 అంగుళాలు. చివరికి 34ని నిలబెట్టిన లియో ఫెండర్ చేతులమీదుగానే 1966లో మస్టాంగ్ అనే 30 అంగుళాల బేసు కూడా వచ్చింది.

హాఫ్నర్ బేసుకి లోకప్రసిద్ధి తెచ్చింది పాల్ మెకార్ట్‌నీ. బీటిల్స్ బృందం జర్మనీలోని హాంబుర్గ్‌లో వాయిస్తున్న రోజుల్లో, 1961లో, వాళ్ల బేసు వాద్యకారుడు స్టువర్ట్ సట్‌క్లిఫ్ బృందం వదలి చిత్రలేఖనం చదువుకోవడానికి వెళ్లిపోయాడు. ఆ భారం మెకార్ట్‌నీ మీద పడింది. పెద్ద కంపెనీల బేసులు కొనే స్తోమతు లేదు. సుమారు ముప్ఫై పౌండ్లకి ఈ హాఫ్నర్ దొరికింది. పైగా ఆయన ఎడమచేతి వాటం మనిషి. వయొలిన్ ఆకారం రెండు పక్కలా ఒకేలా ఉంటుంది కాబట్టి తిరగేసి పట్టుకున్నా ఎబ్బెట్టుగా ఉండదు. ఆ బేసు 1972లో లండన్‌లో ఒక వ్యానులోంచి దొంగల పాలైంది. అర్ధశతాబ్దం గడిచాక, అది తిరిగి ఆయన చేతికి చేరిందని 2024లో ప్రకటించారు. చవకని కొన్న పొట్టి వాయిద్యం కోసం అన్నేళ్ల తర్వాత కూడా వెతికారంటే అందులో చవకతనం ఒక్కటే లేదన్నమాట.

సోనామీటరు చెప్పిన సంగతి

ఇక మన సైన్సులోకి వద్దాం. సాగదీసిన తీగ ఎంత పౌనఃపున్యంతో కంపిస్తుందో ఫ్రాన్సు దేశపు మెర్సెన్ పండితుడు 1630లలోనే సూత్రీకరించాడు. మనం ల్యాబ్‌లో సోనామీటరు మీద సరిచూసే నియమాలు అవే. తీగ పొడవు పెరిగితే పౌనఃపున్యం తగ్గుతుంది. బిగువు పెరిగితే పెరుగుతుంది, కానీ దాని వర్గమూలానికి అనులోమంగా మాత్రమే. తీగ బరువెక్కితే తగ్గుతుంది.

ఆ రోజు ల్యాబ్‌లో నేనూ నా భాగస్వామీ శృతిదండాన్ని మోగించి, కొక్కెం నుంచి ఒక్కొక్క బరువే తీస్తూ కొలతలు తీసుకుంటున్నాం. బరువు తీసినప్పుడల్లా అదే స్వరం రావాలంటే బ్రిడ్జీలు దగ్గరికి జరపాల్సి వస్తోంది. పట్టికలో అంకెలు వేస్తుంటే చటుక్కున తట్టింది: బ్రిడ్జీలు దగ్గరికి జరిగాయి, తీగ వదులైంది, స్వరం మాత్రం మారలేదు! మ్యూజిక్ రూములో నాకు కావలసింది ఇదే కదా.

లెక్క చూడండి. అదే తీగ, అదే స్వరం ఉంచి పొడవు మాత్రం మారిస్తే, బిగువు పొడవు వర్గానికి అనులోమంగా ఉంటుంది. 30ని 34తో భాగించి వర్గం చేస్తే 0.78 వస్తుంది. అంటే బిగువు 22 శాతం తగ్గింది. ఉదాహరణకి 34 అంగుళాల మీద తీగని 18 కిలోల బరువు లాగుతున్నంత బిగువు ఉందనుకుంటే, 30 అంగుళాల మీద 14 కిలోలే. పొడవు తగ్గింది 12 శాతం, వేలికి దక్కిన సుఖం 22 శాతం. ఇదీ వర్గం మహిమ.

రెండో లాభం మెట్ల మధ్య దూరంలో ఉంది. వీణకి మెట్లు మైనంలో కూర్చినట్టే గిటారు మెడ మీద లోహపు మెట్లు దిగగొడతారు. పన్నెండు మెట్లు ఎక్కేసరికి తీగ పొడవు సగమై స్వరం పై స్థాయికి చేరాలి. అందుకని ప్రతి మెట్టుకీ మిగిలిన పొడవు ఒకే నిష్పత్తిలో, సుమారు పద్దెనిమిదో వంతు చొప్పున, తగ్గుతూ పోతుంది. ఈ లెక్కన మొదటి మెట్టు నుంచి నాలుగో మెట్టుకి దూరం 34 అంగుళాల బేసు మీద దాదాపు 13 సెంటీమీటర్లు. 30 అంగుళాల దాని మీద 11.4 సెంటీమీటర్లు. ల్యాబ్‌లోని స్కేలు తీసుకొని, నొప్పి లేకుండా చాచగలిగినంత చాచి, నా చూపుడువేలి నుంచి చిటికెనవేలి దాకా కొలుచుకున్నాను. 11.8 వచ్చింది.

ఆ అంకె చూసుకొని కాసేపు అలాగే కూర్చున్నాను. ఏడాదిపాటు నా చేతకానితనం అనుకున్నది పన్నెండు మిల్లీమీటర్ల సంగతి!

చెవికి వచ్చే తేడా

చేతికి సుఖమే కాదు, పొట్టి బేసుకి తనదైన నాదం కూడా ఉంది. దాన్ని ఇష్టపడేవాళ్లు గుండ్రంగా ఉంటుందంటారు. నచ్చనివాళ్లు మందంగా, ముద్దగా ఉంటుందంటారు. ఇద్దరూ చెప్పేది ఒకే విషయం.

కారణం ఇది. మనం పుస్తకంలో చదివే తీగ ఆదర్శ తీగ. ఎటు వంచితే అటు వంగుతుంది. నిజమైన బేసు తీగ ఉక్కుతో చేసి, పైన మరో తీగ చుట్టినది. దానికి కొంత బిరుసుతనం ఉంటుంది. అంత లావు తీగని పొట్టిగానూ వదులుగానూ బిగిస్తే ఆ బిరుసుతనం మరింత బయటపడుతుంది. దాంతో పై అనుస్వరాలు ఉండవలసిన చోటు నుంచి కొద్దిగా పైకి జరుగుతాయి, త్వరగా అణగిపోతాయి. తళతళలాడే పై అనుస్వరాలు తగ్గితే చెవికి మిగిలేది అడుగున ఉన్న మూలనాదం. కొత్త ఇత్తడి బిందె మీద కొట్టిన మోతకీ, నిండిన ధాన్యం గాదె మీద చరిచిన చప్పుడుకీ ఉన్నంత తేడా అనుకోండి. హాఫ్నర్‌లా లోపల బోలుగా ఉన్న బేసుకి నున్నటి చుట్టు తీగలు వేస్తే ఈ గుణం ఇంకా స్పష్టం.

దీనికే నష్టాలు కూడా ఉన్నాయి. అవి దాచిపెడితే అది సైన్సు వ్యాసం కాదు, వ్యాపార ప్రకటన అవుతుంది. అన్నిటికన్నా లావు తీగ పొట్టి బేసు మీద కొంత స్పష్టత కోల్పోతుంది. తీగ వదులు కాబట్టి గట్టిగా మీటితే ఊపు ఎక్కువై మెట్లకి తగిలి జరజరమంటుంది. వేలు బలంగా నొక్కితే స్వరం పైకి జారుతుంది. బరువు పని చేసి అలవాటైన చెయ్యి ఇక్కడ మెత్తబడాలి. ఈ బాధ తప్పించడానికి లావు తీగలు వేసి పాత బిగువు తెచ్చుకోవచ్చు. అప్పుడు బిరుసుతనం ఇంకా పెరుగుతుంది. ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలి. ప్రకృతి అరువివ్వదు.

పొట్టి బేసు పొట్టివాళ్లకేనా?

ఇక్కడే చాలామంది పొరబడతారు. పొట్టి బేసంటే పిల్లల కోసమో, నేర్చుకునేవారి కోసమో అనుకుంటారు. క్రీమ్ బృందంలో జాక్ బ్రూస్ 1960లలో గిబ్సన్ వారి పొట్టి బేసు వాయించాడు. వదులు తీగని పక్కకి లాగి స్వరాన్ని వంచడం, మన వైణికులు తీగ లాగి గమకం పలికించినట్టు, ఆయనకి ఇష్టం. పొడుగు బేసు మీద అంత సులువుగా తీగ లొంగదు. రోలింగ్ స్టోన్స్ బృందంలో బిల్ వైమన్ చేతులు చిన్నవి. ఆయనా పొట్టి బేసులు వాడాడు. టాకింగ్ హెడ్స్ బృందంలో టీనా వేమౌత్ మస్టాంగ్ వాయించింది.

"ఇదంతా చిన్న చేతుల గొడవే కదా" అంటారా? స్టాన్లీ క్లార్క్‌ని చూడండి. పొడగరి, పెద్ద చేతులవాడు, డబుల్ బేసులో దిట్ట. ఆయన ఎలక్ట్రిక్ బేసు అలెంబిక్ కంపెనీ వారి పొట్టి స్కేలుది. దాన్ని బృందం వెనక నుంచి ముందుకి తెచ్చి, ప్రధాన వాయిద్యంలా పరుగులెత్తించాడు. దానికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి. సుజీ క్వాట్రో అయిదడుగుల మనిషి. తండ్రి ఇచ్చిన 34 అంగుళాల ప్రెసిషన్ బేసుతోనే పేరు తెచ్చుకుంది. కాబట్టి పొట్టి చేతికి పొట్టి బేసు, పొడుగు చేతికి పొడుగు బేసు అని శాసనం ఏమీ లేదు. ఏ నాదం కావాలి, ఏ చేతికి ఏది ఒదుగుతుంది అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిన విషయం. తేల్చుకోవడానికి రెండూ అందుబాటులో ఉండాలి, అంతే.

చిన్న వాయిద్యమంటే చిన్నచూపు మనకీ కొత్త కాదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ (1969–2014) చేతిలోని ఎలక్ట్రిక్ మాండలిన్ ఎంత ఉండేదో అందరికీ తెలుసు. అందులో కర్ణాటక సంగీతపు గమకం పలుకుతుందని ఆయన వాయించి చూపేదాకా నమ్మినవారు ఎందరు?

వెదురుబద్ద ఉపాయం

సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు ఈ లెక్కలన్నీ నాన్నకి చెప్పాను. ఆయన మినుము చేలో గట్టు సరిచేస్తున్నారు. బేసు అంటే ఏమిటో ఆయనకి తెలియదు. అంతా విని, చేతిలో పార చూపించి, "నా పార నువ్వు పడితే నడుం పట్టేస్తుంది. కామ ఎవరి ఎత్తుకి వాళ్లు చేయించుకోవాలమ్మా. ఇందులో పరీక్షలు చెయ్యడానికేముంది?" అన్నారు. నిజమే. మా ఇంట్లో అమ్మ కొడవలి వేరు, నాన్న కొడవలి వేరు. వడ్రంగి కామ చెక్కే ముందు "ఎవరికండీ?" అని అడుగుతాడు. మ్యూజిక్ రూములో ఆ మాట ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

కొత్త బేసు కొనమని నాన్నని అడిగే సంవత్సరం కాదిది. కోతల వేళ వాన పడింది. అందుకని లెక్కనే ఆశ్రయించాను. 34 అంగుళాల బేసు మీద రెండో మెట్టు దగ్గర తీగలన్నిటినీ అడ్డంగా నొక్కి ఉంచితే మిగిలే పొడవెంత? 34ని 0.891తో గుణిస్తే 30.3 అంగుళాలు. ఇది పొట్టి బేసు కొలతే! కాకపోతే స్వరం రెండు మెట్లు పైకి పోతుంది కాబట్టి, ముందుగా నాలుగు తీగల్నీ రెండు మెట్ల మేర కిందికి దించుకోవాలి. అప్పుడు బిగువు కూడా 21 శాతం దాకా తగ్గుతుంది. మెట్ల దూరమూ, తీగ వదులూ రెండూ ఒక్క దెబ్బతో పొట్టి బేసువే అయిపోతాయి.

ఊరి నుంచి వచ్చేటప్పుడు ఒక వెదురుబద్ద తెచ్చాను. దాని లోపలివైపు కాస్త గుంటగా ఉంటుంది కనుక మెడ పైభాగపు వంపుకి సరిపోయింది. రెండో మెట్టుకి కొంచెం ముందుగా తీగల మీద బద్ద ఉంచి, మెడ గీసుకుపోకుండా వెనక సైకిల్ ట్యూబు ముక్క వేసి, పురికొసతో కట్టి, చిన్న పుల్లతో మెలిపెట్టి బిగించాను. మొబైలు ఫోనులో శృతి చూసే యాప్ పెట్టుకొని ఒక్కొక్క తీగా సరిచేశాను. మెడ మీది చుక్కల గుర్తులు రెండు మెట్లు తేడాగా ఉంటాయి కాబట్టి మొదట్లో తికమకపడ్డాను. గట్టిగా మీటితే జరజరమంది. మెత్తగా మీటడం నేర్చుకున్నాను. వాయిద్యం బరువు నాలుగు కిలోలు అలాగే ఉంది; దానికి మాత్రం సూత్రం దొరకలేదు.

ఈ యేడాది వార్షికోత్సవంలో తెర వెనక నుంచి బేసు విన్నవారు, చూసినవారు దాని మెడకి కట్టిన వెదురుబద్ద ఏమిటని అడిగారు. అదేమిటో ఇప్పుడు చెప్పినట్టయింది. నాలుగు పాటలు వాయించాను. మణికట్టు వాయలేదు. కోరస్‌లో నిలబడమన్న సీనియర్ గారు ఆ రోజు ముందు వరుసలో కూర్చున్నారు. తర్వాత వచ్చి, పురికొస ఎలా కట్టావో చూపించమన్నారు. చూపించాను.

చివరగా విద్యార్థి సంఘం వారికి ఒక మనవి. వచ్చే సంవత్సరం మ్యూజిక్ రూముకి ఏదైనా కొనదలచుకుంటే ఒక 30 అంగుళాల బేసు కొనండి. 34ని తీసెయ్యమని నేను అనడం లేదు. అది గోడకి ఆనించే ఉండనివ్వండి, పక్కన ఇది కూడా ఉండాలి. నా తర్వాత వచ్చే అమ్మాయో అబ్బాయో రెండూ పట్టుకొని చూసి, తన చేతిని అడిగి, తనకేది కావాలో చెబుతారు. అందాకా వెదురుబద్ద మ్యూజిక్ రూము అలమరలో పై అరలో ఉంది. పురికొస పాతబడితే మార్చుకోగలరు.